వేగాస్‌లో ఫ్రీ రూమ్ మాకు ఎంతకు పడిందంటే

అరిజోనాలోని మా చాండ్లర్ నుంచి లాస్ వేగాస్ కారులో అయిదు గంటలు. అమ్మ భీమవరం నుంచి వచ్చి ఉంది, హూవర్ డ్యామ్ చూపిద్దాం అనుకుంటుండగా, ఇంతకుముందు ఒకసారి దిగిన కాసినో హోటల్ నుంచి మెయిల్ వచ్చింది. రెండు రాత్రులు రూమ్ ఫ్రీ, 60 డాలర్ల ఫుడ్ క్రెడిట్, 50 డాలర్ల ఫ్రీ ప్లే, మొత్తం విలువ 470 డాలర్లని వాళ్లే లెక్క కట్టి పంపారు. మా ఆయన ఆ రాత్రే బుక్ చేసేశారు.

ఆ 470 మాకు నిజంగా ఎంత అని తిరిగొచ్చాక కాగితం మీద వేశా. ఫ్రీ రూమైనా రిసార్ట్ ఫీజు (రూమ్ అద్దె కాక హోటల్ రోజుకింతని విడిగా వేసే ఛార్జీ) కట్టాల్సిందే, పన్నుతో రెండు రాత్రులకు 113, పార్కింగ్ ఇంకో 40. అంటే 153. స్ట్రిప్‌కి (పెద్ద కాసినోలన్నీ వరసగా ఉండే రోడ్డు) వెనక వీధిలో కాసినో లేని హోటల్, వంటగది ఉన్న రూమ్, పార్కింగ్ ఫ్రీ, అన్నీ కలిపి అవే రెండు రాత్రులకు 170 చూపించింది. మిగిలింది 17 డాలర్లు.

ఫుడ్ క్రెడిట్ ఒక్క రెస్టారెంట్‌లోనే చెల్లుతుందట, అది స్టీక్‌హౌస్. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. అంత పెద్ద టేబుల్ దగ్గర బంగాళాదుంప వేపుడు, పళ్ల ముక్కలు ముందు పెట్టుకుని ఆవిడ కూర్చుంటే నాకు ప్రాణం ఉసూరుమంది, రూమ్‌కెళ్లి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. ఆ 60 క్రెడిట్‌కి మా లెక్కలో 20 వేశా. ఫ్రీ ప్లే కూడా చేతికిచ్చే డబ్బు కాదు, మెషిన్‌లో ఆడెయ్యాలి, గెలిచిందే మనది. మాకు 38 వచ్చింది. 17, 20, 38 కలిపితే, వాళ్ల 470 మాకు మొత్తం 75.

ఆ 38తో లేచి వచ్చేస్తే బాగుండేది. ఎంత ఆడామో లెక్కపెట్టి పాయింట్లు వేసే మెంబర్ కార్డు ఒకటి కాసినో వాళ్లు ఇస్తారు, దానికి మెలికల తాడు ఉంటుంది, ఒక కొన జేబుకి, ఇంకో కొన మెషిన్‌కి. చిన్న తెర మీద తర్వాతి పాయింట్‌కి ఇంకా ఎంత ఆడాలో అంకె తగ్గుతూ కనిపిస్తుంది. రాత్రి ఒంటిగంటకి నేను వెతుక్కుంటూ వెళ్తే, "ఇంకొన్ని పాయింట్లు వస్తే పై కార్డు ఇస్తారు, ఫీజు ఉండదు" అంటున్నారు మా ఆయన. అప్పటికి 310 పోయింది. నాకు ఏడుపొచ్చింది.

ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. సీజర్స్ కాసినోల కార్డు స్కీము సీజర్స్ రివార్డ్స్‌లో (మేం దిగింది అక్కడ కాదు) స్లాట్ మెషిన్‌లో 5 డాలర్లు ఆడితే ఒక క్రెడిట్, 100 క్రెడిట్లకి ఒక డాలర్ ఫ్రీ ప్లే. నొక్కుకి 1.25 చొప్పున గంటకి 600 సార్లు నొక్కితే 750 డాలర్లు ఆడినట్టు. స్ట్రిప్ మీద పెన్నీ స్లాట్లు (సెంట్ల లెక్కన ఆడే మెషిన్లు) ఆడిన డబ్బులో 10 శాతం పైనే ఉంచేసుకుంటాయని కాసినోల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ నెవాడా గేమింగ్ కంట్రోల్ బోర్డు లెక్కల్లోనే ఉంటుంది, అంటే సగటున గంటకి 75 పోతుంది, చేతికొచ్చేది డాలరున్నర. రిసార్ట్ ఫీజు తీసేసే డైమండ్ కార్డుకి ఏడాదిలో 15,000 క్రెడిట్లు కావాలి, బోనస్ క్రెడిట్లు వదిలేస్తే స్లాట్లలో అది 75,000 డాలర్ల ఆట, పోయేది 7,500. ఏడాదికి రెండుసార్లు వెళ్లేవాళ్లం మేం, మాకు మిగిలే ఫీజు మహా అయితే 226. ఇల్లు కాల్చి బొగ్గులమ్ముకోవడం అంటే ఇదే.

ఎలాగూ సరదాకి ఓ 40 డాలర్లు ఆడదామనుకునేవాళ్లు కార్డు పెట్టండి, ఊరికే ఇస్తారు, నష్టం లేదు. కార్డు కోసం మాత్రం ఒక్క నొక్కు ఎక్కువ నొక్కకండి.

అమ్మకి నచ్చినవి బెల్లాజియో హోటల్ ముందు పాటలకి ఆడే ఫౌంటెన్లు, లోపల పూలతోట. రెండిటికీ టికెట్టే లేదు. ఫౌంటెన్ల దగ్గర మూడు పాటలయ్యేదాకా రెయిలింగ్ వదల్లేదు.

పోయిన వారం మళ్లీ మెయిల్ వచ్చింది, ఈసారి మూడు రాత్రులు. నేను ఆ వెనక వీధి హోటల్ బుక్ చేశా. అమ్మ చిన్న కుక్కర్, కందిపప్పు సంచిలో సర్దేసింది.