కిస్తీ వాళ్లు అరుగెక్కితే: ఠాణాకా, రిజర్వు బ్యాంకుకా, లోక్ అదాలత్‌కా?

రాత్రి ఎనిమిదింటికి ఇద్దరు కుర్రాళ్లు బైకు మీద వచ్చి మా పిన్ని ఇంటి అరుగు మీద కూర్చున్నారు. ఒడిశా అంచున ఉన్న మా పర్లాకిమిడిలో ఆ వేళకి వీధంతా బయటే ఉంటుంది. సంఘం అప్పు, అంటే ఆడవాళ్లని గుంపుగా చేర్చి మైక్రోఫైనాన్స్ కంపెనీ ఇచ్చే చిన్న అప్పు. వరసగా రెండు కిస్తీలు తప్పాయి. "కట్టేదాకా కదలం" అని ఒకడు. "మీరైనా చెప్పండమ్మా, ఎగ్గొట్టేస్తోంది" అని పక్కింటావిడతో ఇంకొకడు. మర్నాడు పిన్ని కుళాయి దగ్గరికి కూడా వెళ్లలేదు.

విషయం తెలిసి ఏటికి అవతల ఆంధ్రాలో ఉన్న పాతపట్నం నుంచి మామయ్య ఫోన్ చేశాడు. "2010లోనే చట్టం వచ్చింది, ఇంటికొస్తే కేసు పెట్టు" అన్నాడు. వచ్చిన మాట నిజమే, కానీ అది మైక్రోఫైనాన్స్ కంపెనీల మీద తెచ్చిన ఆంధ్రా చట్టం. మహేంద్రతనయ ఏరు దాటి ఇటు వస్తే చెల్లదు. ఏటికి రెండు పక్కలా చెల్లేవి రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన నిబంధనలు. వాటి ప్రకారం సంఘం అప్పుకి ఉదయం 9 లోపు, సాయంత్రం 6 దాటాక వసూలు ఫోన్లు చేయకూడదు. మామూలు బ్యాంకు అప్పులకైతే ఉదయం 8 నుంచి రాత్రి 7 వరకే. తిట్టడం, బెదిరించడం, చుట్టాల ముందు, ఇరుగుపొరుగు ముందు పరువు తీయడం దేనికైనా కుదరదు. అయితే ఒక మెలిక ఉంది. కిస్తీ కట్టడానికి అనుకున్న చోటికి అప్పు తీసుకున్న మనిషి వరసగా రెండుసార్లు రాకపోతే ఇంటికి రావచ్చని కూడా అందులోనే ఉంది. కాబట్టి వాళ్లు ఇంటికి రావడాన్ని తప్పు పట్టలేం. ఫోనే చేయకూడని ఆ వేళకి రావడం, పక్కింటావిడని లాగడం, అవీ మనం పట్టుకోవాల్సినవి.

ఠాణా సంగతి ముందు చెప్తాను. చేయి చేసుకున్నా, ఇంట్లోకి జొరబడినా, సామాను లాగినా, ఆడవాళ్లని బూతులు తిట్టినా ఇంకేం ఆలోచించక్కర్లేదు, 112కి ఫోన్ చేయాలి. కానీ ఊరికే "సతాయిస్తున్నారు సార్" అని వెళ్తే "తీసుకున్నారు కదా, కట్టండి" అని పంపేస్తారు. అందుకే దరఖాస్తులో వడ్డీ గొడవ రాయకూడదు. ఏ రోజు, ఎన్నింటికి, ఏ మాట అన్నాడు, ఎవరు విన్నారు, అంతే. ఒడియాలో రాయించుకుంటే పని తొందరగా అవుతుంది. "జైలుకి పంపిస్తాం" అంటే మాత్రం హడలిపోకండి. కిస్తీ కట్టలేకపోవడం నేరం కాదు. చెక్కు ఇచ్చి అది బౌన్సయితే వేరే కథ.

రిజర్వు బ్యాంకు దారి నెమ్మదిది, కానీ నన్నడిగితే సంఘం అప్పుల వాళ్లు నిజంగా జంకేది దీనికే. నేరుగా వెళ్లడానికి లేదు. ముందు కంపెనీకి ఉత్తరం రాయాలి. ఫిర్యాదు ఎవరికి చేయాలో, ఆ అధికారి నంబరేమిటో లోన్ కార్డు మీదే ఉండాలి. ఆ కార్డు మనకొచ్చిన భాషలో ఇవ్వాలన్నది కూడా రూలే, పిన్నికి ఇచ్చింది మాత్రం ఇంగ్లీషులో ఉంది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా అంబుడ్స్‌మన్‌కి, అంటే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అధికారికి, ఫిర్యాదు పెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు. ఎలా పెట్టాలో 14448కి ఫోన్ చేస్తే చెప్తారు. అక్కడ తెలుగులోనూ మాట్లాడతారు, ఇటు ఒడియా బడిలో చదివి తెలుగు మాట్లాడే మా బోటి వాళ్లకి ఎంత హాయో. వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చిన అప్పుకి మాత్రం ఇది పనికిరాదు. ఫోటోలు మార్ఫింగ్ చేసి పంపే దొంగ లోన్ యాప్‌లకీ అంతే, వాటికి సైబర్ మోసాల నంబరు 1930.

ఇక లోక్ అదాలత్, అంటే ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే కోర్టు. ఇది నోటి దురుసు ఆపే చోటు కాదు, లెక్క తెంచుకునే చోటు. కోర్టు ఫీజు లేదు. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 15100కి ఫోన్ చేసి అడగొచ్చు. చేతిలో కొంత సొమ్ముంటేనే వెళ్లండి. ఒప్పుకుని సంతకం పెట్టాక అప్పీలుండదు. తగ్గించి కడితే మన అప్పుల చరిత్ర రాసి ఉంచే సిబిల్‌లో "సెటిల్డ్" అని పడి తర్వాత అప్పు పుట్టడం కష్టమవుతుంది.

సంఘం లీడరు ఇంకో దారి చెప్పింది, వేరే కంపెనీలో తీసి ఇది కట్టేయమని. దాని గురించి మాట్లాడడం కూడా దండగ.

బెదిరింపు లేదు కాబట్టి మేం ఠాణాకి వెళ్లలేదు. తారీఖు, టైము, పక్కింటావిడతో అన్న మాట రాసి, లోన్ కార్డు జిరాక్సు పెట్టి రిజిస్టర్ పోస్టులో కంపెనీకి పంపాం. పిన్ని సంతకం పెట్టేటప్పుడు "మళ్లీ వస్తారేమోరా" అని రెండుసార్లు అడిగింది. పన్నెండో రోజున వచ్చారు. వేరే మనిషి, పగలు పదకొండింటికి, మెట్టు కింద చెప్పులు విడిచి "అమ్మా, లోపలికి రావచ్చా?" అన్నాడు. కిస్తీ ఒక్క రూపాయి తగ్గలేదు, సోమవారం సోమవారం కడుతూనే ఉంది.