ఒకే కవి ముద్రణలా, ఒకే కథ వెంట పది భాషలా: ఏది మేలు?

పాత నీతికథల పుస్తకాలు సేకరించాలని మొదలుపెట్టినవాళ్లకు తొందరగానే టెన్షన్ పట్టుకుంటుంది. ఈసపు కథలే తీసుకోండి. 1476 ప్రాంతంలో జర్మనీలోని ఉల్మ్‌లో లాటిన్, జర్మన్ రెండింటితో అచ్చయ్యాయి, 1484లో ఇంగ్లండ్ ముద్రాపకుడు కాక్స్‌టన్ ఇంగ్లీషులో వేశాడు. అప్పట్నుంచి అచ్చు ఆగలేదు. కనిపించినదల్లా కొంటే అల్మరా నిండుతుంది, పుస్తకాల మధ్య చుట్టరికం మాత్రం కుదరదు. అందుకే ఒక దారి ఎంచుకోవాలి. నాకు తెలిసి మంచి దారులు రెండు.

మొదటిది, ఒకే కవిని పట్టుకోవడం. దీనికి ఫ్రెంచి కవి లా ఫాంటేన్‌ను మించినవాడు లేడు. 1668లో ఆయన నీతికథల మొదటి సంపుటి. 1755–59 మధ్య చిత్రకారుడు ఊద్రీ బొమ్మలతో నాలుగు పెద్ద సంపుటాలు. 1838లో మరో చిత్రకారుడు గ్రాన్‌విల్ జంతువులకు మనుషుల బట్టలు తొడిగాడు. 1867లో ఇంకో చిత్రకారుడు దొరే వచ్చి అడవిని చీకటితో నింపాడు. అదే తోడేలు, అదే గొర్రెపిల్ల, చూసే కన్ను మాత్రం వేరు. ఒక్క భాష వస్తే చాలు, ముద్రణల వివరాలూ తేలిగ్గా దొరుకుతాయి. చిక్కంతా బొమ్మలతోనే. ఇలాంటి పుస్తకాల్లోంచి ప్లేట్లు, అంటే విడిగా అచ్చువేసిన బొమ్మల పేజీలు, కోసి విడిగా అమ్ముతారు. నేనూ ఒకసారి అట్ట బాగుందని కొని, ఇంటికొచ్చి లెక్కపెడితే మూడు ప్లేట్లు లేవు. చాలా బాధపడ్డాను. డబ్బు ఇచ్చేముందే లెక్కపెట్టుకోండి.

రెండోది, ఒకే కథ వెంట భాష తర్వాత భాష వెళ్లడం. నా మనసు ఇటే. పంచతంత్రంలో పేలపిండి కుండ కథ తెలుసుగా? బ్రాహ్మణుడు మేకలు, ఆవులు, గుర్రాలు, పెళ్లి, కొడుకు సోమశర్మ వరకూ కలలు కని, ఒక్క తన్నుతో కుండ పగలగొట్టుకుంటాడు. పంచతంత్రం ఆరో శతాబ్దంలో పాతకాలపు పర్షియన్ భాష పహ్లవిలోకి, ఎనిమిదో శతాబ్దంలో అరబిక్‌లోకి వెళ్లింది. అరబిక్ 'కలీలా వ దిమ్నా'లో పిండి కాస్తా తేనె, నెయ్యి అయింది. 1335 నాటి స్పానిష్ కథలో తేనె కుండ ఒక స్త్రీ తలకెక్కింది. 1678లో లా ఫాంటేన్ చేతిలో ఆమె పాలమ్మే పెరెట్ అయింది. కలగనే మనిషి మారాడు, కుండలో సరుకు మారింది, కుండ పగలడం మాత్రం మారలేదు. ఈ మార్పులు చూపే నాలుగు పుస్తకాలు ఒకే అరలో పెట్టి చూస్తే కలిగే సంతోషం నాకు ఏ ఖరీదైన ప్రతితోనూ కలగలేదు.

ఇందులో కష్టం, లిపి రాకపోతే కథ ఏ పేజీలో ఉందో కూడా తెలియదు. కథ అసలు ఆ పుస్తకంలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. చిన్నయసూరి నీతిచంద్రిక (1853) ఎంత గొప్పదైనా అందులో ఉన్నవి మిత్రలాభం, మిత్రభేదం మాత్రమే. కుండ కథ పంచతంత్రంలో ఐదో భాగమైన అపరీక్షితకారకంలోది, కాబట్టి అక్కడ దొరకదు. కథతో పనిలేకుండా కూడా నేను దగ్గర పెట్టుకోవాలనుకునే పుస్తకం ఒకటుంది: 1826లో పారిస్‌లో అచ్చయిన, ఫ్రెంచి మిషనరీ దుబ్వా రాసిన ఫ్రెంచి పంచతంత్రం. ఆయన దాన్ని తమిళ, తెలుగు, కన్నడ ప్రతుల నుంచి తయారుచేశాడు. మన పంచతంత్రం ఫ్రెంచివాళ్ల చేతికి తెలుగు మీదుగా కూడా వెళ్లిందంటే ఒళ్లు పులకరిస్తుంది.

బొమ్మలే ప్రాణమైనవాళ్లకు మొదటి దారి మేలు. కథే ప్రాణమైనవాళ్లకు రెండోది. దీనికి చిరిగిన బడిపుస్తకమైనా పనికొస్తుంది. పిల్లల చేతుల్లో నలిగిపోయి అలాంటివి మిగిలేదే తక్కువ.

ఇక అసలు ప్రతా, ఫ్యాక్సిమిలీనా (అసలు పేజీలను ఉన్నదున్నట్టు మళ్లీ అచ్చువేసిన నకలు) అంటే, కొన్నిచోట్ల ఆ ప్రశ్నే రాదు. 1593లో జపాన్‌లోని అమాకుసాలో క్రైస్తవ మిషనరీలు ఈసపు కథల్ని జపనీస్ వాడుకభాషలో, రోమన్ లిపిలో అచ్చు వేశారు. ఇప్పుడు తెలిసిన ప్రతి ఒక్కటే, అదీ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అలాంటిదాని ఫ్యాక్సిమిలీ దొరికితే నేను వెనకాడకుండా కొంటాను.