ఐసీయూ ట్రయల్: రోగి రోగికీ విడిగానా, నెలనెలా వార్డంతానా?

బెంగళూరు ఐసీయూలో ట్రయల్ మొదలుపెట్టే మన తెలుగు డాక్టర్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే: ఏ చికిత్స ఎవరికన్నది ఒక్కో రోగికీ విడిగా లాటరీలా తేల్చాలా, లేక నెలకో చికిత్స చొప్పున వార్డంతా మార్చాలా.

సెలైన్ మంచిదా, బ్యాలెన్స్‌డ్ ద్రవాలు (లవణాలు రక్తంలో ఉన్నట్టే ఉండేలా చేసినవి) మంచివా అన్న ప్రశ్నను రెండు దారుల్లోనూ పరీక్షించారు. అమెరికాలో స్మార్ట్ ట్రయల్ (2018) ఒకే ఆసుపత్రిలోని 5 ఐసీయూల్లో నెలనెలా ద్రవం మారుస్తూ 15,802 మందిని చేర్చింది. బ్రెజిల్‌లో బేసిక్స్ (2021) ఒక్కో రోగినీ విడిగా ర్యాండమైజ్ చేసింది, అంటే ఎవరికి ఏ ద్రవమో లాటరీలా తేల్చింది. దానికి 75 ఐసీయూలు కావాల్సొచ్చాయి.

విడిగా చేస్తే డాక్టరుకీ నర్సుకీ ఏ ద్రవమో తెలియకుండా దాచొచ్చు. ఆ ఫలితం మీద నాకు నమ్మకం ఎక్కువ. కష్టమంతా అంగీకారం దగ్గరే. హిందూపురం నుంచి అర్ధరాత్రి అంబులెన్సులో తండ్రిని తెచ్చిన కొడుకు చేతిలో కన్నడ ఫారం పెడితే అది అంగీకారం కాదు. తెలుగు ఫారం సిద్ధంగా ఉండాలి, రాత్రి డ్యూటీలో తెలుగులో వివరించే మనిషి ఉండాలి. "సంతకం పెట్టకపోతే వైద్యం ఆపేస్తారా సార్?" అని ఆ అబ్బాయి అడగకముందే, వైద్యం ఆపబోమని మనమే చెప్పాలి. రోగికి తెలివొచ్చాక ఆయన్నీ అడగాలి.

నెలనెలా మార్చే పద్ధతిలో పని తేలిక, ఖర్చు తక్కువ. కానీ ఏ నెల ఏ ద్రవమో అందరికీ తెలిసిపోతుంది. నెలాఖరున చేరినవాళ్లకు రెండూ ఎక్కుతాయి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఇక్కడా తప్పదు.

రెండూ ఇప్పటికే వాడుకలో ఉన్న చికిత్సలైతేనే వార్డంతా మార్చండి. కొత్త మందైతే విడిగానే చేయండి.