మూడు కొండలు, మూడున్నర కిలోల తిండి

బయలుదేరే ముందురోజు మా వీధి చివర కిరాణా కొట్లో కాటా మీద సంచి పెట్టి తూచాం. ముగ్గురికి, రెండున్నర రోజులకు, తిండి మొత్తం 3.6 కిలోలు. బావ మురిసిపోయాడు. కొట్టాయన మాత్రం తలెత్తకుండానే "మరి నీళ్ళో?" అన్నాడు.

వెళ్ళింది డిసెంబరులో. మన నెల్లూరు, ప్రకాశం వైపు గట్టి వాన ఈశాన్య రుతుపవనాలదే కాబట్టి, సంక్రాంతి దాకా ఈ కొండల్లో వాగులు కాస్త బతికుంటాయి. ముందు ఉదయగిరి, తర్వాత భైరవకోన, చివర పెంచలకోన అనుకున్నాం.

ఉదయగిరి కొండ 3,000 అడుగుల పైచిలుకు. కోట మీద నీళ్ళ గుంటలు కనబడ్డాయి గానీ వాటిని చూశాక తాగాలనిపించలేదు. అందుకని తలకు మూడు లీటర్లు మోశాం. అంటే 9 కిలోలు! 3.6 కిలోల గర్వం ఎక్కడం మొదలైన అరగంటకే దిగిపోయింది. ఇలాంటి చోట నీళ్ళు అడగని తిండే తేలిక తిండి. పైన మమ్మల్ని కాపాడింది అవ్వ దంచిచ్చిన చిమ్మిలి, వేయించిన వేరుశనగలు, పులిహోర అటుకులు. చింతపండు గుజ్జు నువ్వుల నూనెలో మగ్గించి తాలింపు పెట్టి చిన్న స్టీలు డబ్బాలో పోసుకున్నాం. దొడ్డు అటుకుల మీద ముగ్గురికీ కలిపి రెండు గ్లాసుల చన్నీళ్ళు చల్లి పావుగంట మూసిపెడితే చాలు, పొయ్యి పనే లేదు. కృష్ణదేవరాయలు 1514లో ఈ కోట పట్టుకోవడానికి ఏడాదికి పైగా ముట్టడి వేశాడు. లోపలివాళ్ళు అన్నాళ్ళూ ఏం తిని ఉంటారా అని అక్కడ కూర్చుని లెక్కలు వేశాం, తేలలేదు.

కిందికి దిగాక ఉదయగిరి చెక్క గరిటెలు మూడు కొన్నాం. నర్ది, బిక్కి లాంటి అడవి కర్రతో చేస్తారు. తూకం లేదు, వేడి ఎక్కదు, గిన్నె గీరుకుపోదు. ఆన్‌లైన్‌లో క్యాంపింగ్ చెంచాలని అమ్మే వాటికంటే నాకివే నచ్చాయి. ఊళ్ళో మేం దిగిన లాడ్జి గురించి చెప్పేదేం లేదు. వేడినీళ్ళన్నారు, రాలేదు. దుప్పటి మాదే కప్పుకున్నాం.

రెండో రాత్రి సీతారాంపురం దగ్గర తెలిసినవాళ్ళ మామిడితోటలో టెంటు వేశాం. అడవిలో వేయొద్దు. రిజర్వు అడవిలో మంట పెట్టడం నేరం, పైగా ఎలుగుబంట్లు తిరిగే కొండలివి. తోటలో బోరు ఉంది కాబట్టి ఇక్కడ ఎండుతిండికి న్యాయం జరిగింది. మా దగ్గర మూడు రకాలున్నాయి.

ఒకటి, బావ తెప్పించిన ప్యాకెట్టు పులావు. ప్యాకెట్లోనే మరిగిన నీళ్ళు పోసి పది నిమిషాలు మూసే రకం. రుచి తప్పుపట్టలేను, బరువు నిజంగానే తక్కువ. కానీ రెండు వందలు దాటిన ప్యాకెట్టు ఒకడికి సగం కడుపు. రెండోది నా తెలివి, కొర్రలు. ఆరోగ్యమని తెచ్చాను. నానబెట్టడం మరిచాను. అరగంట ఉడికినా పలుకు పలుకుగానే ఉన్నాయి, గ్యాస్ డబ్బాలో మూడో వంతు అయిపోయింది. కొర్రలే కావాలంటే ఇంట్లోనే వండి, పలచగా పరిచి ఎండబెట్టి తెచ్చుకోవాలి. లేదంటే వేయించిన కొర్ర రవ్వ.

మూడోది వంకాయ వరుగులు, పెసరపప్పు. వంకాయలో నూటికి తొంభై పాళ్ళు నీళ్ళే. ఉప్పు, పసుపు రాసి నాలుగెండల్లో ఎండబెడితే కిలో కాయలు గుప్పెడు వరుగులవుతాయి. కొత్తగా దిగిన డీహైడ్రేటెడ్ ఆర్గానిక్ వెజిటబుల్స్ అంటే ఇవే కదా, మన అటకమీద ఎప్పట్నుంచో ఉన్నాయి! సాయంత్రం వాటిని వెడల్పు మూతి సీసాలో నీళ్ళు పోసి నానేసి టెంటు పనిలో పడ్డాం. పెసరపప్పు ముందే దోరగా వేయించి ఉంది, కందిపప్పు కంటే తొందరగా మెత్తబడుతుంది. రెండూ కలిపి పావుగంటలో దించి నెయ్యి వేశాం. నెయ్యి మాత్రం మానొద్దు. గ్రాముకు 9 కేలరీలు, మోసే ప్రతి గ్రామూ పనికొస్తుంది. బావ తన పులావు వదిలేసి మా గిన్నెలోకి వచ్చాడు.

ఆర్గానిక్ సంగతి. ప్యాకెట్టు మీద "నేచురల్" అని రాసుకున్నంత మాత్రాన కాదు, ఆర్గానిక్ తిండికి ప్రభుత్వం పెట్టిన జైవిక్ భారత్ గుర్తు చూడాలి. మా అటుకులు, పెసలు మాత్రం గుర్తు లేనివే, ప్రకృతి వ్యవసాయం చేసే చుట్టాల పొలంవి. వాటికి మందు తగలదు కాబట్టి పురుగు కూడా తొందరగా పడుతుంది. మొదటి విడత అటుకులు అలాగే పారేశాం. సర్దే ముందు వట్టి బాణలిలో వేయించి, పూర్తిగా ఆరాకే కట్టాలి.

భైరవకోనలో పొద్దున రాగిజావ, బెల్లం పొడి. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే పడే నీళ్ళు. ఉండటానికి వసతి ఆశించొద్దు, పగలు చూసి వచ్చేయాలి. మూడింట్లో నాకు బాగా నచ్చింది ఇదే.

పెంచలకోన ప్రయాణం పిన్నమ్మ ఫోనుతో మొదలైంది. బావ సంచిలో ఎండురొయ్యల పొడి ఉందని ఎవరో చేరేశారు. "నరసింహస్వామి దగ్గరికి రొయ్యలేందిరా అబ్బయా, బుద్ధి లేదా?" అని తిట్టింది. డబ్బా ఆత్మకూరులో స్నేహితుడి ఇంట్లో వదిలి వెళ్ళాం. కోనలో గది దొరికింది, శుభ్రంగా ఉంది, బయటే కుళాయి. గదిలో పొయ్యి వెలిగించనివ్వరు, కాబట్టి మళ్ళీ చన్నీళ్ళ అటుకులే. జలపాతం అడవిలోపల ఉంది. అడవిశాఖవాళ్ళను అడిగి, చీకటి పడకముందే తిరిగొచ్చాం.

గది కిటికీ వేయడం మరిచాం. మిగిలిన చిమ్మిలి డబ్బా కోతి ఎత్తుకెళ్ళింది. మూత తీయడం కూడా వచ్చు దానికి.