కట్టె చీల్చడానికి ఏది మేలు? చీల్చే గొడ్డలా, సమ్మెట గొడ్డలా, మిషనా?

ఇంట్లో వెచ్చదనానికి సొంతంగా కట్టె కొట్టుకునేవాళ్లు చాలామంది చెట్టు నరికిన గొడ్డలితోనే మొద్దులూ చీల్చబోతారు. అది నారను అడ్డంగా కోయడానికి చేసిన పనిముట్టు. దాని అంచు పల్చన, చెంపలు చదును. మొద్దు మీద నిలువుగా వేస్తే లోపలికి దిగుతుందే గానీ కట్టెను పక్కలకు తోయదు, అక్కడే ఇరుక్కుపోతుంది. ఊడబెరకడానికి అటూ ఇటూ ఊపితే కామ (కర్ర పిడి) వదులవుతుంది. దాన్ని పక్కన పెట్టేద్దాం.

చీల్చే గొడ్డలి తల 2 నుంచి 2.5 కిలోలు ఉంటుంది. అంచు సన్నగా మొదలై చెంపలు వెంటనే ఉబ్బుతాయి. ఆ ఉబ్బే కట్టెను రెండుగా తోస్తుంది. సమ్మెట గొడ్డలికి ముందు మందపాటి అంచు, వెనక సమ్మెట మొహం ఉంటాయి. తల 3 కిలోల పైనే.

బరువుంటే దెబ్బ బలంగా పడుతుందని కొత్తవాళ్లు సమ్మెట గొడ్డలే కొంటారు. లెక్క మాత్రం వేరే చెబుతుంది. తల బరువు రెట్టింపైతే దెబ్బలో శక్తి రెట్టింపవుతుంది, వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. తేలిక తలను చాలాసేపు ఒకే ఊపుతో దించగలం. బరువు తలకు భుజాలు త్వరగా అలసిపోతాయి, వేగం పడిపోతుంది, ఆ వెంటే గురి తప్పుతుంది. గురి తప్పి అంచు మొద్దు దాటి పడితే కామ మెడ దగ్గర విరుగుతుంది, లేదా గొడ్డలి కాలి మీదికి జారుతుంది. నార తిన్నగా, మొద్దు 30 సెంటీమీటర్ల లోపు ఉంటే నా మాట చీల్చే గొడ్డలికే.

ముడులున్న లావు మొద్దు దగ్గర మాత్రం సమ్మెట గొడ్డలిదే పైచేయి. ఇనుప చీలను (ఒక కొస పల్చగా, మరో కొస మందంగా ఉండే ఇనుప ముక్కను) మొద్దులో నాటి, సమ్మెట వైపుతో కొడుతూ దించాలి. మామూలు గొడ్డలి వెనక వైపుతో ఈ పని చేయకూడదు. కామ దూరే కన్ను చుట్టూ ఇనుము పల్చన, అక్కడ సాగి పగులుతుంది. దెబ్బలు తిని చీల తల పుట్టగొడుగులా విచ్చుకుంటే ఆ అంచులు అరగదీసేయాలి. లేదంటే వాటి నుంచి ఇనుప పెళ్లలు ఎగురుతాయి. కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా ఈ పనికి దిగకండి.

చేతిలో ఏ గొడ్డలున్నా మొద్దు మొహం చూశాకే ఎత్తాలి. మధ్య నుంచి అంచుకు పాకిన సన్నని పగుళ్లు కనిపిస్తాయి, దెబ్బ వాటి వెంటే వేయాలి. లావు మొద్దును నడిమికి కొట్టకుండా అంచుల నుంచి పెచ్చులు పెచ్చులుగా విడగొట్టాలి. ముడి ఉన్న కొసను కిందికి పెట్టండి. మొద్దును 30-40 సెంటీమీటర్ల ఎత్తు దిమ్మ మీద నిలిపి, దెబ్బ దిగేటప్పుడు మోకాళ్లు వంచితే తప్పిన గొడ్డలి దిమ్మలో పడుతుంది, పిక్కలోకి రాదు. దిమ్మకు పాత టైరు బిగిస్తే చీలిన పేళ్లు చెదరవు. వంగి ఏరుకునే శ్రమ సగం తగ్గుతుంది.

ఇంట్లో వాడే కరెంటు మిషన్లు ఎక్కువగా 5-7 టన్నుల ఒత్తిడివి. పెట్రోలువి 20 టన్నులు దాటతాయి. గొడ్డలికి లొంగని మెలితిరిగిన నారకూ ముడులకూ ఇవే దిక్కు. తిన్నని కట్టె దగ్గర మాత్రం చేయి తిరిగిన మనిషే ముందుంటాడు. మిషన్‌లో మొద్దును నెట్టే కడ్డీ ముందుకెళ్లి వెనక్కొచ్చే లోపు గొడ్డలి రెండు మూడు దెబ్బలు వేసేస్తుంది. రెండు చేతులతో నొక్కితేనే నడిచే మీటను తాడుతో కట్టేసి ఒంటి చేత్తో నడపడం వేళ్లు పోగొట్టుకునే పని. కట్టె పెట్టేవాడే మీట నొక్కాలి, రెండో మనిషి దూరంగా ఉండాలి. పెట్రోలు మిషన్‌ను మూసిన షెడ్డులో నడపకండి, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ఏడాదికి మూడు నాలుగు ఘనపు మీటర్ల కట్టె చాలే ఇంటికి మిషన్ కొనడం దండగ. లొంగని మొద్దులన్నీ ఒకచోట పోగేసి ఒక్కరోజు అద్దెకు తెచ్చుకుంటే సరిపోతుంది.

ఏ పనిముట్టు వాడినా పచ్చిగా ఉన్నప్పుడే చీల్చడం మేలు. చాలా జాతుల కట్టె పచ్చిగానే సులువుగా విడిపోతుంది. పైగా బెరడు తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి చీల్చని మొద్దు నెలల తరబడి లోపల తడిగానే ఉంటుంది. తేమ 20 శాతం కన్నా తగ్గని కట్టె పొగ కక్కుతుంది, పొగగొట్టంలో తారులాంటి మసి పేరుకుంటుంది. అది అంటుకుంటే గొట్టమే మంటల్లో ఉంటుంది. పైన్ లాంటి మెత్తకట్టె ఒక వేసవిలో ఆరొచ్చు, ఓక్‌కు రెండేళ్లు పడుతుంది. తేమ మీటరును ఎండిన కొసకు గుచ్చితే తప్పుడు అంకె వస్తుంది. పేడును మళ్లీ చీల్చి, కొత్తగా తెరుచుకున్న లోపలి మొహంలో గుచ్చాలి.

పేర్చేటప్పుడు కింద దుంగలు వేసి వరసను నేలకు 10 సెంటీమీటర్లు ఎత్తులో ఉంచండి, గోడకూ అంతే ఎడం ఇవ్వండి. పట్టా పైన మాత్రమే కప్పాలి. పక్కలు మూస్తే లోపల బూజు పడుతుంది. ఆరేకొద్దీ పేళ్లు కుంచించుకుపోయి వరస ఒకవైపు ఒరుగుతుంది. అందుకే రెండు చివర్లా పేళ్లను అడ్డం నిలువుగా అల్లి, ఎత్తు 1.2 మీటర్ల దగ్గర ఆపండి.