పాప్-అప్ ట్రక్కు క్యాంపర్‌తో నాలుగేళ్లు: మా గూడుబండి సమీక్ష

2021 ఏప్రిల్‌లో మా పికప్ ట్రక్కు మీదికి పాప్-అప్ క్యాంపర్, అంటే కప్పు పైకి లేచే చిన్న ప్రయాణపు గది, ఎక్కింది. అప్పటి నుంచి ఈ వేసవి చివరి దాకా అందులో 163 రాత్రులు పడుకున్నాము. ప్రతి ప్రయాణం తరువాత రాత్రుల లెక్క, మైళ్ల లెక్క నోటు పుస్తకంలో రాసుకునే అలవాటు మా వారికి ఉంది కాబట్టి ఇది అంచనా కాదు. మేము డెన్వర్ శివార్లలో ఉంటాము. ఇంట్లో మేమిద్దరం, ఇప్పుడు పద్నాలుగేళ్లు నిండిన మా అమ్మాయి. కొలరాడో కొండల్లో మంచు కురిసిన రాత్రులు, యూటా ఎడారి గాలులు, డిసెంబరులో సముద్ర మట్టానికి దిగువన డెత్ వ్యాలీలో గడిపిన వారం, అన్నీ ఆ లెక్కలో ఉన్నాయి. కొన్న నెలకే ఈ సమీక్ష రాసి ఉంటే పొగడ్తలు తప్ప మరేమీ ఉండేవి కావు. ఇప్పుడు బాగోగులు రెండూ తెలిశాయి కాబట్టి రాస్తున్నాను.

ఇది ట్రైలరు కాదు, వెనుక లాక్కుపోయేది ఏమీ ఉండదు. అల్యూమినియం చట్రంతో చేసిన గది లాంటి పెట్టె ట్రక్కు వెనుక సామాను వేసే తొట్టిలో కూర్చుంటుంది. ప్రయాణంలో పైకప్పు కిందికి దిగి ఉంటుంది. ఆగిన చోట కప్పును పైకి నెడితే మధ్యలో మందపాటి వినైల్ గుడ్డ గోడలు లేచి, ఆరడుగుల మనిషి తల వంచకుండా నిలబడేంత ఎత్తు వస్తుంది. డ్రైవరు క్యాబిన్ పైభాగాన పరుపు, కింద బెంచీ, రెండు బర్నర్ల స్టవ్, సింకు, 20 గ్యాలన్ల నీళ్ల ట్యాంకు, బ్యాటరీతో నడిచే ఫ్రిజ్, ప్రొపేన్ హీటరు ఉన్నాయి. స్నానాల గది లేదు, చిన్న పోర్టబుల్ టాయిలెట్ మాత్రం బెంచీ కింద దాగి ఉంటుంది. ఆర్డరు ఇచ్చిన పదకొండు నెలలకు చేతికి వచ్చింది, పన్నులతో కలిపి మాకు 34,000 డాలర్లు అయింది.

కొనదలచిన వారికి అన్నిటికంటే ముందు చెప్పవలసింది బరువు సంగతి. ట్రక్కు డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కరు కనిపిస్తుంది. మనుషులు, సామాను అంతా కలిపి ఆ బండి ఎన్ని పౌండ్లు మోయవచ్చో దాని మీద రాసి ఉంటుంది. మా అప్పటి హాఫ్ టన్ ట్రక్కుకు (అది తరగతి పేరే, అసలు మోసే బరువు కాదు) 1,840 పౌండ్లు, అంటే దాదాపు 835 కిలోలు అని ఉంది. క్యాంపర్ బ్రోషరులో 1,100 పౌండ్లు అని చూసి, ఇంకా 740 పౌండ్లు మిగులుతాయి కదా అని నిశ్చింతగా ఆర్డరు ఇచ్చాము. బ్రోషరులో ఉన్నది ఖాళీ పెట్టె బరువని, ఫ్రిజ్, హీటరు, బ్యాటరీలు, సోలార్ ప్యానెల్, పక్కకు విప్పుకునే పందిరి దానికి అదనమని అమ్మినవారు చెప్పలేదు, మేమూ అడగలేదు.

మొదటి ప్రయాణంలోనే ట్రక్కు ముందుభాగం కొద్దిగా పైకి లేచినట్టు అనిపించింది. రాత్రి ఎదురుగా వచ్చే వారంతా మా లైట్లు కళ్లలో పడుతున్నాయని తమ లైట్లు ఆర్పి వెలిగించారు. దిగుడు దారిలో బ్రేకు వేస్తే బండి ఆగడానికి పట్టే దూరం చూసి మా వారి ముఖం మారిపోయింది. మర్నాడు హైవే పక్కన లారీలు ఆగే చోట ఉన్న కాటా మీద తూయించాము. ఆ చీటీని దగ్గర పెట్టుకొని లెక్క విడదీస్తే క్యాంపరు, దానికి బిగించిన సామగ్రి 1,370 పౌండ్లు, ట్యాంకు నిండా నీళ్లు 167, రెండు గ్యాస్ సిలిండర్లు 50, తిండి, బట్టలు, పనిముట్లు 210, మేము ముగ్గురం 390, మొత్తం 2,187 పౌండ్లు తేలింది. అంటే మోయదగిన దానికంటే 347 పౌండ్లు ఎక్కువ. ట్యాంకులోని నీళ్లు బయటికి పారబోసి, మెల్లగా నడుపుకుంటూ ఇంటికి చేరాము. రెండు నెలలకు ఆ ట్రక్కును నష్టానికి అమ్మి అంతకంటే ఎక్కువ బరువు మోసే త్రీ క్వార్టర్ టన్ తరగతి ట్రక్కు తీసుకున్నాము. స్ప్రింగులు గట్టివి వేయించుకుంటే చాలునని కొందరు చెప్పారు. స్ప్రింగులు వెనుకభాగం కుంగకుండా ఆపుతాయి గాని స్టిక్కరు మీది సంఖ్యను పెంచవు. కాబట్టి ముందు క్యాంపరును ఎంచుకొని, నీళ్లతో సహా మొత్తం బరువు కట్టుకొని, ఆ తరువాతే ట్రక్కు సంగతి చూడాలి. మేము ఈ క్రమం తప్పాము, ఈ నాలుగేళ్లలో మాకు అత్యంత ఖరీదైన పొరపాటు అదే.

బరువు సరిపడిన ట్రక్కు మీద మాత్రం దీని నడకను ఎంత చెప్పినా తక్కువే. ఎత్తు తక్కువ కాబట్టి గాలికి ఊగదు, చెట్ల కొమ్మల కింద నుంచి దూరిపోతుంది. యూటాలో వ్యాలీ ఆఫ్ ది గాడ్స్ గుండా 17 మైళ్ల మట్టి రోడ్డు ఉంది. ఎర్రటి రాతి స్తంభాల మధ్య పల్లాల్లోకి దిగి ఎక్కే ఆ దారిలో పెద్ద ట్రైలర్లు తీసుకువచ్చిన వారు వెనక్కి తిప్పుకోవడానికి అవస్థ పడుతూ ఉండగా, మేము మామూలు ట్రక్కులాగే వెళ్లి ఒక రాతి గోడ చాటున ఆపుకున్నాము. ఆ రాత్రి గాలి లేచి గుడ్డ గోడలు తెరచాపల్లా టపటపలాడాయి, నిద్ర పట్టలేదు. రెండింటికి లేచి, కప్పు దించి, ట్రక్కు ముక్కును గాలికి ఎదురుగా తిప్పి, మళ్లీ కప్పు లేపాక శబ్దం సగానికి తగ్గింది. అప్పటి నుంచి ఎక్కడ ఆగినా ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుంటాము. ఇంధనం విషయానికి వస్తే గ్యాలనుకు మాకు సగటున 14 మైళ్లు వస్తోంది.

కప్పు లేపడం, దించడం చూడడానికి తేలికగా ఉంటుంది, దానికీ ఒక పద్ధతి ఉంది. బయట గొళ్లేలన్నీ విప్పాలి. లోపలికి వెళ్లి మొదట వెనుక వైపు, తరువాత పరుపు వైపు పైకి నెట్టాలి. మా కప్పు మీద సోలార్ ప్యానెల్ ఉండటంతో పరుపు వైపు బరువెక్కి, మొదటి ఏడాది నా ఒక్కదాని వల్ల కాలేదు. కప్పును పైకి నెట్టడానికి సాయపడే గ్యాస్ స్ట్రట్లు బిగించుకున్నాక ఒక్క చేత్తో లేస్తోంది. దించేటప్పుడు తలుపు గాని పై కిటికీ గాని తెరిచి ఉంచాలి, లేకపోతే లోపలి గాలి బయటికి పోయే దారి లేక గుడ్డ బుడగలా బయటికి ఉబ్బుతుంది. 2022 అక్టోబరులో వాన మొదలవుతోందన్న హడావుడిలో నేను ఆ పని మరిచాను. ఉబ్బిన గుడ్డ కప్పు అంచుకు, పెట్టె అంచుకు మధ్య ఇరుక్కుంది. చూడకుండా గొళ్లెం బిగించాను. మర్నాడు విప్పితే నా బొటనవేలు పట్టేంత చిరుగు. పారదర్శకంగా ఉండే అతుకు పట్టీ లోపల ఒకటి, బయట ఒకటి వేశాము. మూడేళ్లయినా అది ఊడలేదు, ఒక్క చుక్క నీరు లోపలికి రాలేదు. ఇప్పుడు దించేటప్పుడు ఒకరు లోపల, ఒకరు బయట ఉండి, గుడ్డను చుట్టూ వేళ్లతో లోపలికి దోపుతూ వస్తాము.

ఇక వంట. మన ఇళ్లలో వంట జరిగే తీరును ఏ తయారీదారూ దృష్టిలో పెట్టుకోడు కాబట్టి ఈ భాగం కొంచెం విపులంగా రాస్తున్నాను. కొలరాడోలోని లెడ్‌విల్ ఊరు 10,000 అడుగులకు పైగా ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తున నీళ్లు 90 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతాయి. మొదటిసారి గిన్నెలో పెట్టిన కందిపప్పు గంటన్నర ఉడికినా పలుకుగానే ఉంది. అందుకని మూడు లీటర్ల కుక్కరు మా క్యాంపరులో శాశ్వతంగా చేరిపోయింది. డెన్వర్‌లో నాలుగు కూతలకు మెత్తబడే పప్పు అక్కడ ఆరు కూతలు తీసుకుంటుంది. అయితే కూత వచ్చినప్పుడల్లా ఆవిరి నేరుగా కప్పుకు తగిలి, నీటి బొట్లుగా మారి, పరుపు మీద రాలుతుంది. పైన ఉన్న ఫ్యాను ముందే వేసి, దానికి ఎదురుగా ఉన్న కిటికీ జానెడు తెరిస్తే ఆవిరి చాలావరకు బయటికి పోతుంది.

పోపు మాత్రం లోపల పెట్టడం మానేశాము. ఎండుమిర్చి వేగిన ఘాటుకు పొగ అలారం మోగుతుంది. అర్ధరాత్రి నిప్పు రాజుకుంటే మనలను లేపేది ఆ అలారమే కాబట్టి దాని బ్యాటరీ తీసే ఆలోచన ఎవరూ చేయకూడదు. పైగా ఇంగువ వాసన గుడ్డ గోడలకు పట్టిందంటే వారం దాకా వదలదు. పందిరి కింద మడత బల్ల, దాని మీద ఒక చిన్న స్టవ్, పోపు గరిటె, ఇదే మా రెండో వంటిల్లు. చల్లని సాయంత్రం ముద్దపప్పులో నెయ్యి వేసుకొని, ఆవకాయ కలుపుకొని, ఎదురుగా కొండల మీద ఎండ ఎర్రబడుతుండగా తిన్న అన్నం రుచి మా ఇంటి భోజనాల బల్ల దగ్గర నాకు ఎప్పుడూ రాలేదు.

చలిలో దీని బలహీనత బయటపడుతుంది. గుడ్డ గోడలు వెచ్చదనాన్ని నిలుపుకోలేవు. బయట మైనస్ 9 డిగ్రీలు ఉన్న రాత్రి హీటరు దాదాపు సగం సేపు మండుతూనే ఉంటుంది, పది పౌండ్ల సిలిండరు మూడు రాత్రులకు ఖాళీ అవుతుంది. ముగ్గురి ఊపిరి తెల్లవారేసరికి కప్పు అంచుల వెంట తడిగా పేరుకుంటుంది. మొదటి చలికాలం చివర పరుపు ఎత్తి చూస్తే అడుగున నల్లటి బూజు మచ్చలు కనిపించాయి. పరుపు మార్చి, కింద గాలి ఆడే ప్లాస్టిక్ జాలీ పరిచి, ఎంత చలిగా ఉన్నా పై కిటికీ అంగుళం తెరిచే పడుకుంటున్నాము. బూజు మళ్లీ రాలేదు. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే తక్కువలో ఛార్జి చేస్తే పాడవుతుంది కాబట్టి మా బ్యాటరీని బెంచీ కింద, హీటరు గాలి తగిలే చోట పెట్టించాము. ఫ్రిజ్, హీటరు ఫ్యాను రెండూ నడుస్తుంటే ఎండ లేకుండా రెండు రోజులు వస్తుంది.

రెండో ఏడు పై కిటికీ చుట్టూ నీరు చొరకుండా వేసిన సీలెంటు పగిలి వాన చుక్కలు కారాయి. అమ్మిన చోటికి ఫోను చేస్తే ఆరు వారాల తరువాత రమ్మన్నారు. వారంటీ ఉన్న వస్తువుకు, అదీ నీళ్లు కారుతున్నప్పుడు, అటువంటి జవాబు మాకు బాధ కలిగించింది. మా వారు పాత సీలెంటు గీకి, కొత్తది పోసి, ఒక మధ్యాహ్నంలో సరిచేశారు. చేతి పని తెలిసినవారు ఇంట్లో ఉంటే ఈ క్యాంపరుతో కాపురం సులువవుతుంది.

గుడ్డ గోడలకు మరో ఇబ్బంది ఎలుగుబంట్లు. ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర ఉన్న ఆర్.వీ. (ఇల్లు లాంటి ప్రయాణపు బండ్ల) పార్కులోకి గట్టి గోడల బండ్లనే రానిస్తారు. ఆ ప్రాంతంలో ఎలుగుబంట్లు ఎక్కువ కాబట్టి ఆ నియమం సరైనదే. ప్రయాణం ఖాయం చేసుకోకముందే ఎక్కడ ఏది ఒప్పుకుంటారో చూసుకోవాలి.

2023 వేసవిలో మా నాన్న తెనాలి నుంచి వచ్చారు, అప్పటికి ఆయనకు 74 ఏళ్లు. వెనుక తలుపు నేలకు చాలా ఎత్తులో ఉంటుంది కాబట్టి పట్టుకోవడానికి కమ్మి ఉన్న మడత మెట్లు కొన్నాము. పై పరుపు ఎక్కే ప్రశ్నే లేదు కనుక కింద బెంచీని పడకగా మార్చి ఆయనకు ఇచ్చాము. కొలరాడోలో గ్రేట్ శాండ్ డ్యూన్స్ ఇసుక తిన్నెల దగ్గర మొదటి రాత్రి గడిచాక, పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకొని మెట్ల మీద కూర్చొని, "ఇది మన గూడుబండే కదమ్మా" అన్నారు. చిన్నప్పుడు శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు గూడుబండి కట్టుకొని వెళ్లేవారట. కింద ఎండుగడ్డి పరిచి, దాని మీద జంపఖానా వేసి, పిల్లలను పడుకోబెట్టి, వంట సామాను గోనె సంచిలో వెనుక కట్టేవారట. ఆ రోజు నుంచి మా ఇంట్లో దీని పేరు గూడుబండి. అయితే రాత్రి రెండుసార్లు బయటికి వెళ్లవలసిన పెద్దలకు ఆ మెట్లు చీకట్లో క్షేమం కాదని మూడో రాత్రికి గ్రహించి, ఆయనను దగ్గరి ఊరిలో హోటలు గదిలో పడుకోబెట్టాము. మోకాళ్ల నొప్పులు ఉన్నవారితో కలిసి తిరగాలనుకునే కుటుంబం దీనిని కొనవద్దు.

ఇద్దరికి ఇది చక్కని బండి, చిన్న పిల్లతో ముగ్గురికీ సరిపోతుంది. మా అమ్మాయికి కింది బెంచీ ఇప్పుడు పొట్టిదైపోయింది. కిందటి నెల యూటాలోని కాపిటల్ రీఫ్ జాతీయ పార్కులో ట్రక్కు పక్కనే చిన్న గుడారం వేసుకొని విడిగా పడుకుంది, పొద్దున దోసెల వాసనకు మాత్రం తనంతట తానే లేచి వచ్చింది. పెద్దది కొందామా అని మేమిద్దరం రెండు సాయంత్రాలు కూర్చొని మాట్లాడుకున్నాము. పెద్దదాని బరువు కట్టి చూస్తే మళ్లీ ట్రక్కు మార్చవలసి వస్తోంది, వ్యాలీ ఆఫ్ ది గాడ్స్ లాంటి దారులు వదులుకోవలసి వస్తోంది. అందుకని ఆ ఆలోచన మానుకొని, మడతల దగ్గర పలచబడుతున్న గుడ్డ గోడలను మార్పించడానికి ఫిబ్రవరిలో తేదీ తీసుకున్నాము. అమ్మాయికి కొంచెం మంచి గుడారం కూడా చూస్తున్నాము.