త్రీడీ పై చార్టులో కనిపించని పారిస్ హోటల్

స్కూలు పిల్లలతో జెనీవా, పారిస్ వెళ్లొచ్చాం. జెనీవాని మెచ్చుకోవడానికీ, పారిస్‌లో మా ట్రావెల్ ఏజెన్సీ వెలగబెట్టిన నిర్వాకం చెప్పడానికీ ఇది రాస్తున్నాను. పిల్లల్ని విదేశాలకు తీసుకెళ్లే టీచర్లు ఆ రెండోది కాస్త నిదానంగా చదవండి.

ముందు జరిగిన మీటింగ్‌లో ఏజెన్సీవాళ్లు చూపించింది ఒక త్రీడీ పై చార్టు, అంటే గుండ్రటి బొమ్మని ముక్కలుగా కోసి వాటాలు చూపేది. 'విద్యానుభవం' ముక్క మనవైపు, హోటలు, రవాణా వెనకాల. పై చార్టును అలా వాలిస్తే ముందున్న ముక్క ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. మా లెక్కల మాస్టారు "అంకెలు ఏవండీ?" అన్నారు. "అన్నీ ప్యాకేజీలోనే సార్" అని జవాబు. ఆయన మొహం అక్కడే మాడిపోయింది.

వీసాకి మాత్రం గాంట్ చార్టు (ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో గీతల్లో చూపేది) గీసి స్టాఫ్ రూమ్ గోడకి అంటించాం. షెంగెన్ వీసాకి, అంటే చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసాకి, ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, ప్రయాణానికి 15 రోజులకన్నా తక్కువ ఉంటే కుదరదు. మామూలుగా 15 రోజుల్లో తేలుతుంది కానీ 45 దాకా సాగొచ్చు. మీరు గీత గీసేటప్పుడు 45కే గీయండి. పెద్దలకి ఫీజు 90 యూరోలు, 30,000 యూరోల బీమా తప్పనిసరి. స్విట్జర్లాండ్ కూడా షెంగెన్‌లోదే కాబట్టి ఒకే వీసా చాలింది.

జెనీవాలో అంతా సాఫీ. బస చేసినవాళ్లకి ఊరంతా తిరిగే ట్రాన్స్‌పోర్ట్ కార్డు ఉచితం. 18వ నంబరు ట్రామ్ ఎక్కి చివరి స్టాపులో దిగితే సెర్న్, అణువుల లోపలి కణాల మీద పరిశోధన చేసే పెద్ద ప్రయోగశాల. 2023 అక్టోబరులో తెరిచిన అక్కడి సైన్స్ గేట్‌వే ప్రదర్శనశాల కూడా ఉచితమే, సోమవారం సెలవు. జెనీవా నుంచి టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో మూడు గంటల పైచిలుకులో పారిస్.

కరపత్రంలో 'పారిస్‌లో హోటల్' అని ఉంది. తీరా దిగింది పారిస్ దాటి ఎక్కడో. లిఫ్టులో ఇద్దరు మనుషులు, ఒక సూట్‌కేసు పడితే తలుపు మూసుకోదు. హోటల్ నుంచి బస్సు, బస్సు దిగి ఆర్‌ఈఆర్ అనే శివారు రైలు. "నలభై నిమిషాలే మేడమ్" అన్న దారికి ఒక వైపే గంటన్నర. ఏజెన్సీవాడికి ఫోన్ చేస్తే "టికెట్‌లో తేడా లేదు కదా మేడమ్" అంటాడు! రైలు టికెట్ వరకు నిజమే. 2025లో అక్కడ పద్ధతి మార్చారు, ఎయిర్‌పోర్టుకి తప్ప ఎంత దూరమైనా ఒకటే ధర, ఆ ఏడాది 2.50 యూరోలు. పిల్లల నిద్ర మాటేమిటి?

మాస్టారు గ్రాఫ్ నోట్‌బుక్‌లో రోజుకో పట్టీ గీశారు. గంటకో గడి, నిద్ర నీలం, తిండి పసుపు, చూడటం ఆకుపచ్చ, ప్రయాణం ఎరుపు. పైన ఏజెన్సీ ఇచ్చిన ప్లాను, కింద నిజంగా గడిచిన రోజు. కింది పట్టీలో ఎరుపు ఆకుపచ్చని తినేసింది. రైల్లో ఒకడు కమ్మీ పట్టుకుని నిలబడే నిద్రపోయాడు. "టీచర్, మనం పారిస్ చూస్తున్నామా, పారిస్ చుట్టూ తిరుగుతున్నామా?" అంది ఇంకో పిల్ల.

తిరుగు ప్రయాణంలో ఏజెన్సీవాళ్లు ఎయిర్‌పోర్టులోనే ఫారాలు పంచి, 5కి 4.4 సగటు అని తేల్చుకున్నారు. ఇంటికెళ్లే హుషారులో ఎవడైనా నాలుగే వేస్తాడు. మేం సగటు జోలికి పోకుండా, ఒక్కో చోటుకి పిల్లలు వేసిన మార్కుల దగ్గర పిల్లవాడికో చుక్క పెట్టాం. లూవ్ర్ మ్యూజియానికి వచ్చిన చుక్కలన్నీ 5 దగ్గరా, 1-2 దగ్గరా గుంపులు కట్టాయి, మధ్యలో ఖాళీ. పొద్దున వెళ్లిన బ్యాచ్‌కి ఒక రంగు, మధ్యాహ్నం బ్యాచ్‌కి ఒక రంగు వేసేసరికి సంగతి బయటపడింది. తక్కువ మార్కులు దాదాపు అన్నీ మధ్యాహ్నం వాళ్లవే. మోనాలిసా ముందు జనం తలకాయలు చూసి వచ్చారు పాపం. వెళ్తే తెరవగానే వెళ్లండి, లేదా రాత్రి 9 దాకా ఉంచే బుధ, శుక్రవారాల్లో వెళ్లండి. మంగళవారం మూసేస్తారు.

నెల తర్వాత అవే ప్రశ్నలు మళ్లీ అడిగి, ఒక్కొక్కరి పాత మార్కునీ కొత్త మార్కునీ గీతతో కలిపాం. ఎయిర్‌పోర్టులో అన్నిటికన్నా పైనున్న ఐఫిల్ టవర్ గీతలు కిందికి జారాయి. సెర్న్ గీతలు పైకి లేచాయి, అదీ పైసా ఖర్చు లేని చోటు.

ఇక బిల్లు. స్కూలు గట్టిగా అడిగాక గానీ ఐటమ్ వారీగా ఇవ్వలేదు. స్విస్ ఫ్రాంకుల్ని యూరోల్లోకి మార్చి బార్ చార్టు గీస్తే 'ప్రవేశ రుసుములు' తలకి 58 యూరోలు! లూవ్ర్, ఓర్సే మ్యూజియాలు 18 ఏళ్లలోపు వాళ్లకి ఉచితం, సెర్న్ అందరికీ ఉచితం, డబ్బు కట్టింది ఐఫిల్ ఒక్కదానికే. జెనీవా లోకల్ రవాణాకి కూడా విడిగా వేశారు. అడిగితే "గ్రూప్ హ్యాండ్లింగ్ అండీ" అన్నారు. రవాణా డబ్బు మొత్తం, ప్రవేశ రుసుముల్లో సగం వెనక్కి వచ్చాయి. మిగతా సగం కోసం మాస్టారు ఇంకా మెయిళ్లు పెడుతూనే ఉన్నారు, ప్రతి మెయిల్‌కీ ఆ బార్ చార్టు జతచేసి.